సర్వర్ ట్రాఫిక్‌కు లెక్క రాసే చిన్న స్క్రిప్ట్

తిరుమల శ్రీవారి మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజున తాకిడి ఆ ఒక్క సైట్‌తోనే ఆగదు. టికెట్ చేతికి రాగానే జనం గది కోసం, కారు కోసం వెతకడం మొదలుపెడతారు. తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు, ట్రావెల్స్ నడిపేవాళ్లలో చాలామందికి ఇప్పుడు సొంత బుకింగ్ సైట్ ఉంది. ఆ సైట్‌కు నెలంతా వచ్చే సందడి ఒక ఎత్తు, ఆ పావుగంటలో వచ్చేది ఒక ఎత్తు. అప్పుడు పేజీ తెరుచుకోకపోతే బుకింగ్ పక్క లాడ్జీకి పోతుంది.

సాయంత్రం ఎవరో ఫోన్ చేసి "పొద్దున మీ సైట్ ఓపెన్ కాలేదు సార్" అంటారు. అప్పుడు సర్వర్‌లోకి వెళ్లి చూస్తే అంతా చక్కగా నడుస్తూ ఉంటుంది. తప్పు ఇంటర్నెట్ లైన్‌దా, సర్వర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా అన్నది తేల్చడానికి ఆధారం మిగలదు. ఇక ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. పెద్ద ప్లాన్ తీసుకోమని ఒకరు, సర్వర్ మార్చేయమని ఇంకొకరు. ఖర్చు పెట్టాక కూడా వచ్చే నెల కోటా రోజున మళ్లీ అదే టెన్షన్.

నిజానికి ఆ ఆధారం ప్రతి లినక్స్ సర్వర్‌లోనూ ఉంది. లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ అయిన కెర్నెల్ తన నెట్‌వర్క్ కార్డు గుండా పోయిన ప్రతి బైటునూ లెక్కపెడుతూనే ఉంటుంది. అది ఆ లెక్కను కాగితం మీద పెట్టదు, అంతే. ఆ పని చేయడానికి ఇరవై లైన్ల షెల్ స్క్రిప్ట్, అంటే వరసగా నడిచే కమాండ్ల ఫైలు, చాలు. డబ్బు పెట్టి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు ఏ చిన్న ఆఫీసైనా చేయాల్సిన మొదటి పని ఇదే.

కెర్నెల్ ఏం చెబుతుంది

సర్వర్‌లో ప్రోక్ అనే డైరెక్టరీ కింద, నెట్ అనే దానిలో డెవ్ అనే ఫైలు ఉంటుంది. అది డిస్క్ మీద ఉండే ఫైలు కాదు. తెరిచిన క్షణంలో కెర్నెల్ తన లెక్కలను అక్షరాలుగా మార్చి చూపిస్తుంది. దాన్ని చదవడానికి రూట్ (అడ్మిన్) అధికారం కూడా అక్కర్లేదు. క్యాట్ కమాండ్‌తో తెరిస్తే పైన రెండు లైన్లు శీర్షికలు, ఆ కింద ఒక్కో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కు ఒక్కో లైను కనిపిస్తాయి. లైనులో ముందు ఇంటర్‌ఫేస్ పేరు, ఒక కోలన్, ఆ తర్వాత పదహారు సంఖ్యలు. మొదటి ఎనిమిది లోపలికి వచ్చినవాటివి, తర్వాతి ఎనిమిది బయటికి పోయినవాటివి. ప్రతి ఎనిమిదిలోనూ మొదటిది బైట్లు, రెండోది ప్యాకెట్లు (డేటా ప్రయాణించే చిన్న మూటలు), మూడోది ఎర్రర్లు, నాలుగోది డ్రాప్ అయినవి (మధ్యలో వదిలేసినవి). అంటే వచ్చిన బైట్లు కావాలంటే కోలన్ తర్వాత ఒకటో సంఖ్య, పంపిన బైట్లు కావాలంటే తొమ్మిదో సంఖ్య చూడాలి.

ఈ సంఖ్యల్లో వేగం ఎక్కడా ఉండదు. కరెంటు మీటర్‌లాగే ఇవి ముందుకే తిరుగుతాయి. సర్వర్ ఆన్ అయిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా మొత్తం ఎంత అన్నదే చెబుతాయి. వేగం కావాలంటే రెండు రీడింగులు తీసుకుని, తేడాను మధ్యలో గడిచిన సెకన్లతో భాగించాలి.

ఒక లెక్క చూద్దాం. ఉదయం పది దాటి ఐదు నిమిషాలకు పంపిన బైట్లు 9,14,20,36,480. సరిగ్గా 60 సెకన్ల తర్వాత 9,83,68,36,480. తేడా 69,48,00,000. అరవైతో భాగిస్తే సెకనుకు 1,15,80,000 బైట్లు. లైన్ అమ్మే కంపెనీ బిట్లలో మాట్లాడుతుంది, బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి ఎనిమిదితో గుణించాలి. 9,26,40,000 బిట్లు, అంటే దాదాపు 92.6 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). ఆ ఆఫీసు లైన్ 100 ఎంబీపీఎస్ అయితే అది ఇంచుమించు నిండిపోయినట్టే. ఎనిమిదితో గుణించడం మరచి 11.6 దగ్గర ఆగిపోయినవాళ్లు లైన్ ఖాళీగా ఉందనుకుని సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల మీద పడతారు. బైట్లకూ బిట్లకూ మధ్య ఈ గందరగోళం నుంచి పుట్టే తగాదాలు తక్కువేమీ కావు.

స్క్రిప్ట్ నడక

స్క్రిప్ట్‌లో ముందుగా ఇంటర్‌ఫేస్ పేరును ఒక వేరియబుల్‌లో పెట్టుకోవాలి. ఒకప్పుడు దాదాపు ప్రతి సర్వర్‌లోనూ అది ఈటీహెచ్ సున్నా. 2013 నుంచి లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కొత్త పద్ధతి తెచ్చాక కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్నిబట్టి పేరు వస్తోంది. కాబట్టి ఊహించి రాయకుండా ఐపీ కమాండ్‌తో చూసి రాసుకోవడం మేలు.

తర్వాత ఒక వైల్ లూప్, అంటే ఆపేదాకా అదే పనిని మళ్లీ మళ్లీ చేసేది. అందులో డెవ్ ఫైలు నుంచి ఆ ఇంటర్‌ఫేస్ లైనును తీసుకోవడం, కావాల్సిన సంఖ్యలను ఆక్ అనే టూల్‌తో ఏరుకోవడం, వాటి ముందు సమయాన్ని చేర్చి లాగ్ ఫైలు చివర ఒక లైనుగా రాయడం, పది సెకన్లు స్లీప్, మళ్లీ మొదటికి. ఇంతే. ఆక్‌తో ఏరుకోవడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. సిస్ డైరెక్టరీ కింద క్లాస్, దానిలో నెట్, దానిలో ఇంటర్‌ఫేస్ పేరు, దానిలో స్టాటిస్టిక్స్ అని వెళితే ఒక్కో లెక్కకు ఒక్కో ఫైలు ఉంటుంది. ప్రతి ఫైలులో ఒకే సంఖ్య. కొత్తగా స్క్రిప్టులు రాసేవాళ్లకు ఇదే సులువు.

ఇక్కడ ఒక ముఖ్యమైన నిర్ణయం ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే ఇలాంటి స్క్రిప్టుల్లో చాలావరకు వేగాన్ని అక్కడికక్కడే లెక్కగట్టి, ఆ వేగాన్నే తెర మీద చూపిస్తాయి లేదా లాగ్‌లో రాస్తాయి. అది పొరపాటు. లాగ్‌లో దాచాల్సింది మీటర్ రీడింగ్ యథాతథంగా. వేగం ఎప్పుడు కావాలన్నా రీడింగుల నుంచి తీసుకోవచ్చు. వేగం నుంచి రీడింగును వెనక్కి తెచ్చుకోలేం. స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయి అరగంట తర్వాత మళ్లీ నడిచినా, ఆ అరగంటలో మొత్తం ఎంత డేటా పోయిందో రెండు రీడింగుల తేడా చెబుతుంది. భాగహారంలో తప్పు ఉందని రెండు నెలల తర్వాత తెలిసినా నష్టం లేదు. రీడింగులు ఉన్నాయి కాబట్టి మళ్లీ లెక్కవేసుకోవచ్చు. వేగం మాత్రమే రాసుకున్నవాళ్లకు ఆ రెండు నెలలూ పోయినట్టే.

డిస్క్ నిండిపోతుందన్న భయం అక్కర్లేదు. పది సెకన్లకు ఒకటి చొప్పున రోజుకు 8,640 లైన్లు. లైనుకు 70 బైట్లు వేసుకున్నా రోజుకు ఆరు లక్షల చిల్లర. ఏడాదికి దాదాపు 220 ఎంబీ. పాత నెలలను జిప్ చేస్తే అందులో కొంతే మిగులుతుంది.

పది సెకన్లే ఎందుకు

నిర్ణీత వేళకు పనులను నడిపే క్రాన్‌లో పెడితే నిమిషానికి ఒకసారి కంటే తరచుగా నడవదు. అయినా నెట్‌వర్క్ గ్రాఫుల ప్రపంచంలో ఐదు నిమిషాలే ఆనవాయితీ. టోబియాస్ ఓటికర్ 1990ల మధ్యలో ట్రాఫిక్ గ్రాఫులు గీసే ఎంఆర్‌టీజీ రాసినప్పుడు ఆయన చూడాల్సిన లైన్ 64 కిలోబిట్లది. ఐదు నిమిషాలకోసారి రౌటర్‌ను అడిగి గ్రాఫ్ గీయడం అప్పటికి సరిపోయింది. ఆ అలవాటు ఆ తర్వాత వచ్చిన ఎన్నో టూల్స్‌కు సంక్రమించింది.

తిరుపతి లాడ్జీ సైట్‌కు అది సరిపోదు. కోటా రోజున నలభై సెకన్లపాటు లైన్ 92 ఎంబీపీఎస్‌తో నిండిపోయి, మిగతా సమయమంతా 4 ఎంబీపీఎస్ ఉందనుకుందాం. ఆ నలభై సెకన్లను కలుపుకున్న ఐదు నిమిషాల సగటు 15.7 ఎంబీపీఎస్. గంట సగటు 5 కూడా ఉండదు. ఐదు నిమిషాల గ్రాఫ్ చూసినవాళ్లు ఆరో వంతు కూడా వాడకం లేదని తేలుస్తారు. ఆ నలభై సెకన్లలో పేజీ కోసం చూసి విసుగొచ్చి వెళ్లిపోయిన యాత్రికుడు మాత్రం ఆ గ్రాఫ్‌లో ఎక్కడా కనిపించడు. సగటు తప్పు చెప్పడం లేదు. అడిగిన కాలానికి అది జవాబు చెబుతోంది, మనకు కావాల్సిన కాలం వేరు.

అలాగని ప్రతి సెకనుకూ తీసుకోవాల్సిన పనిలేదు. మనిషి పేజీ కోసం ఎంతసేపు ఓపిక పడతాడో ఆ కొలతకు దగ్గరగా ఉంటే చాలు. అందుకే క్రాన్ వదిలి లూప్ వాడటం, ఆ లూప్‌ను సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టి, ఆగిపోతే దానంతటదే మళ్లీ మొదలయ్యేలా చూడటం.

స్లీప్ పది అన్నంత మాత్రాన రెండు రీడింగుల మధ్య సరిగ్గా పది సెకన్లు గడవవు. సర్వర్ మీద ఒత్తిడి పెరిగిన వేళ స్క్రిప్ట్ కూడా తన వంతు కోసం ఆగాలి. పది కాస్తా పదకొండో, పదమూడో అవుతుంది. కళ్లు మూసుకుని పదితో భాగిస్తే 100 ఎంబీపీఎస్ లైన్ మీద 120 వచ్చిందని చూపిస్తుంది. అదీ సరిగ్గా మనకు నిజం కావాల్సిన వేళలోనే. అందువల్ల ప్రతి రీడింగుతోపాటు ప్రోక్‌లోని అప్‌టైమ్ ఫైలు మొదటి సంఖ్యను కూడా రాసుకోవాలి. సర్వర్ ఆన్ అయి ఎన్ని సెకన్లయిందో అది సెకనులో వందో వంతు దాకా చెబుతుంది. గడియారాన్ని ఎవరైనా సరిదిద్దినా అది చెదరదు.

లెక్క తప్పే చోట్లు

సర్వర్ రీస్టార్ట్ అయితే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అప్పుడు కొత్త రీడింగ్ పాతదానికంటే చిన్నది, తేడా మైనస్. ఆ ఒక్క తేడాను వదిలేయాలి, కానీ రీస్టార్ట్ జరిగిందన్న సంగతిని వదలకూడదు. అర్ధరాత్రి ఎవరూ చేయని రీస్టార్ట్ అంటే కరెంటో, హార్డ్‌వేరో ఏదో చెబుతోందని అర్థం. పాత 32 బిట్ మెషీన్లలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ లెక్క 4,29,49,67,296 దగ్గర మళ్లీ సున్నాకు వస్తుంది. 100 ఎంబీపీఎస్ నిండుగా నడిస్తే ఆరు నిమిషాల్లోపే, ఒక గిగాబిట్ అయితే 34 సెకన్లలోనే ఒక చుట్టు పూర్తవుతుంది. ఇప్పటి 64 బిట్ సర్వర్లలో ఈ బాధ లేదు.

పాత కెర్నెళ్లలో డెవ్ ఫైలు కోలన్‌కూ మొదటి సంఖ్యకూ మధ్య తప్పనిసరిగా ఖాళీ ఉంచేది కాదు. సంఖ్య చిన్నగా ఉన్నంతకాలం ఖాళీ కనిపించేది. అది పెద్దదయ్యాక పేరుకు అతుక్కుపోయేది. దాంతో ఆక్ లెక్కలో నిలువు వరుసలన్నీ ఒకటి పక్కకు జరిగి, బైట్ల చోట ప్యాకెట్లు వచ్చేవి. మొదటి రోజు బాగా నడిచిన స్క్రిప్ట్ వారానికల్లా అర్థంలేని అంకెలు ఇవ్వడానికి ఇదొక కారణం. లైనును ఆక్‌కు ఇచ్చేముందు కోలన్‌ను ఖాళీగా మార్చేస్తే ఏ కెర్నెల్ మీదైనా నిశ్చింత.

తీసివేతను స్క్రిప్ట్‌ను నడిపే షెల్ అయిన బాష్‌లోనే చేయడం మంచిది. దాని పూర్ణాంకాలు 64 బిట్‌లవి. దశాంశాలు మాత్రం దానికి రావు, భాగహారానికి ఆక్ కావాలి. డెబియన్, ఉబుంటులతో వచ్చే ఆక్ రకం పేరు మాక్. దాని పాత వెర్షన్లు 214 కోట్లు దాటిన సంఖ్యను పూర్ణాంకంగా ముద్రించమంటే అక్కడే ఆగిపోయేవి. పెద్ద రీడింగులను ఆక్ చేత ముద్రించే పని పెట్టుకోకపోతే ఈ గొడవే ఉండదు.

అన్ని ఇంటర్‌ఫేస్‌లనూ కలిపి మొత్తం వేయడం ఇంకో తప్పు. ఎల్ఓ అనేది సర్వర్ తనలో తాను మాట్లాడుకునే దారి. వెబ్‌సైట్, డేటాబేస్ ఒకే సర్వర్‌లో ఉంటే ఆ ముచ్చట్లు దాని గుండా పోవచ్చు. ఇంటర్నెట్ లైన్‌కు దానితో సంబంధం లేదు. ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడివిడి గదుల్లో నడిపే డాకర్ వాడుతుంటే ఒకే ప్యాకెట్ కంటైనర్ ఇంటర్‌ఫేస్‌లో ఒకసారి, బ్రిడ్జ్‌లో ఒకసారి, అసలు కార్డులో ఇంకోసారి లెక్కకొస్తుంది. బయటి లైన్‌కు తగిలి ఉన్న కార్డు ఒక్కదాన్నే చూడాలి.

అంకెలు ఏం చెబుతాయి

లాగ్‌లో బైట్లతోపాటు ప్యాకెట్లను, డ్రాప్‌లను, ఆ క్షణంలో తెరిచి ఉన్న కనెక్షన్ల సంఖ్యను కూడా రాస్తే ఈ స్క్రిప్ట్ అసలు విలువ బయటపడుతుంది. కనెక్షన్ల లెక్క ఎస్‌ఎస్ కమాండ్ ఇస్తుంది.

సైట్ తెరుచుకోలేదని ఫిర్యాదు వచ్చిన పావుగంట లాగ్‌ను తెరిచి చూడండి. బయటికి పోయిన వేగం 90 దాటి, పావుగంటంతా పైన గీత గీసినట్టు సమంగా ఉందంటే లైన్ నిండింది. కనెక్షన్లు వందల్లోంచి వేలకు పెరిగి, బయటికి పోయే వేగం మాత్రం 6, 7 ఎంబీపీఎస్ దగ్గరే కొట్టుమిట్టాడుతుంటే లైన్ ఖాళీగానే ఉంది. లోపల డేటాబేసో, ప్రోగ్రామో జవాబు ఇవ్వలేక జనాన్ని క్యూలో నిలబెట్టింది. రెండో సందర్భంలో ప్లాన్ పెంచుకుంటే నెలనెలా డబ్బు దండగ తప్ప ఒక్క బుకింగ్ కూడా అదనంగా రాదు. రెండూ తక్కువగా ఉంటే మనుషులు సర్వర్ దాకా రాలేదన్నమాట. డొమైన్ పేరు దగ్గరో, సర్వర్‌కు ముందున్న దారిలోనో అడ్డంకి ఉంది. బయటినుంచి చూసే మనిషికి ఈ మూడూ ఒకటే, సైట్ ఓపెన్ కాలేదు. బాగుచేయాల్సిన చోటు మాత్రం మూడింటికీ వేరు. చిన్న ఆఫీసుకు ఈ స్క్రిప్ట్ ఇచ్చే అతిపెద్ద మేలు ఈ తేడాను చూపించడమే.

లైన్ నిండినా పరిష్కారం పెద్ద ప్లానే కానక్కర్లేదు. లాడ్జీ సైట్ మొదటి పేజీలో ఫోన్‌తో తీసిన గదుల ఫొటోలను తగ్గించకుండా పెట్టేస్తే పేజీ బరువు ఆరు ఎంబీ సులువుగా అవుతుంది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర ఎంబీ. అంటే సెకనుకు ఇద్దరికి మాత్రమే పేజీ పూర్తిగా అందుతుంది. ఫొటోలను కుదించి పేజీని 600 కేబీకి తెస్తే అదే లైన్ మీద ఇరవై మందికి అందుతుంది. ఇది ఒక సాయంత్రం పని.

వచ్చినవాటికీ పోయినవాటికీ మధ్య నిష్పత్తి కూడా చూడాలి. వెబ్ సర్వర్ మామూలుగా తీసుకునేదానికంటే చాలా ఎక్కువ పంపుతుంది. చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి ఎంట్రీలు, సీసీ కెమెరాల రికార్డింగ్ దాచుకునే సర్వర్ ఉందనుకుంటే దాని తీరు దీనికి పూర్తిగా తలకిందులు. తోతాపురి కాయ లారీల్లో దిగే జూన్, జూలై నెలల్లో లోపలికి వచ్చేదే ఎక్కువ. ఏ సర్వర్‌కు ఏది మామూలో ముందు తెలిస్తేనే ఏది తేడానో పట్టుకోగలం. వెబ్ లాగ్‌లో అర్ధరాత్రి సందర్శకులు ఎవరూ లేకపోయినా బయటికి గంటలతరబడి డేటా పోతోందంటే, ఒకటి అది బ్యాకప్ అయి ఉండాలి, లేదా సర్వర్‌లో ఎవరో దూరి ఉండాలి. బ్యాకప్ వేళ తెలుసు కాబట్టి రెండో దాన్ని తేల్చుకోవడం కష్టం కాదు.

బైట్లను ప్యాకెట్లతో భాగిస్తే ప్యాకెట్ సగటు సైజు వస్తుంది. 100 ఎంబీపీఎస్ లైన్‌ను నిండు సైజు ప్యాకెట్లతో నింపడానికి సెకనుకు ఎనిమిది వేల చిల్లర చాలు. అతి చిన్నవాటితో నింపాలంటే దాదాపు లక్షా 49 వేలు కావాలి. లోపలికి వచ్చే ప్యాకెట్ల సంఖ్య ఒక్కసారిగా ఎగబాకి, బైట్లు ఆ స్థాయిలో పెరగకపోతే, అదీ పేజీలు చూసే జనం పెరగకుండానే జరిగితే, ఎవరో కావాలని సర్వర్‌ను ముంచెత్తుతున్నారని అనుమానించాలి. ఎర్రర్ల వరుస సున్నా దాటి నెమ్మదిగా పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడాలి.

హెచ్చరిక ఎప్పుడు కొట్టాలి

లాగ్ వచ్చాక అందరికీ కలిగే తదుపరి కోరిక, హద్దు దాటితే ఫోన్‌కు మెసేజ్ రావాలని. ఒక్క రీడింగు హద్దు దాటగానే కొట్టే అలారం రెండు రోజుల్లో అందరూ మ్యూట్ చేసేస్తారు. లైన్‌లో ఎనభై శాతం దాటిన రీడింగులు వరసగా ఆరు వస్తే, అంటే ఒక నిమిషం పాటు తగ్గకపోతే పంపడం సబబు. ఆ హద్దు కూడా అన్ని రోజులకూ ఒకటే కాకూడదు. తిరుపతిలో శనివారం ఒకలా, మంగళవారం ఒకలా ఉంటుంది. వైకుంఠ ఏకాదశికి, బ్రహ్మోత్సవాలకు, వేసవి సెలవులకు లెక్కలు మారిపోతాయి. కిందటి నెల సగటుతో పోల్చి కొట్టే అలారం డిసెంబరు, జనవరి అంతా మోగుతూనే ఉండొచ్చు. పోయిన ఏడాది వైకుంఠ ఏకాదశి లాగ్ ఉంటే దానితో పోల్చుకోవచ్చు. పాత రీడింగులను చెరిపేయకుండా ఉంచుకోమనడానికి ఇది ఇంకో కారణం.

మరో సంగతి. లైన్ పూర్తిగా నిండినప్పుడు హెచ్చరిక మెసేజ్ కూడా అదే లైన్ మీదుగా పోవాలి, అదీ ఇరుక్కుపోతుంది. సర్వర్ పడిపోతే స్క్రిప్ట్ కూడా దానితోపాటే మౌనంగా ఉంటుంది. మెసేజ్ రాలేదంటే అంతా బాగుందని అనుకోవడానికి లేదు. వేరే చోట ఉన్న ఇంకో మెషీన్ ఒకటి నిమిషానికోసారి ఈ లాగ్ చివరి లైను సమయాన్ని అడిగి, అది పాతబడితే తానే మెసేజ్ పంపేలా పెట్టాలి. దానికి మరో ఐదారు లైన్ల స్క్రిప్ట్ చాలు.

సర్వర్ క్లౌడ్‌లో ఉంటే ఈ లాగ్ బిల్లు చూసుకోవడానికి కూడా పనికొస్తుంది. చాలా కంపెనీలు బయటికి పోయే డేటాకే డబ్బు వసూలు చేస్తాయి. నెల మొదటి రీడింగును చివరి రీడింగు నుంచి తీసేసి, మధ్యలో రీస్టార్టులు ఉంటే వాటిని విడిగా కలుపుకుంటే బిల్లుకు దగ్గరగా రావాలి. అక్షరాలా సరిపోదు. జీబీ అంటే వెయ్యి ఎంబీ అని ఒకరు, 1,024 అని ఇంకొకరు లెక్కిస్తారు. కార్డు తన లెక్కలో ఈథర్‌నెట్ హెడర్‌ను కూడా కలుపుతుంది. ఈ కారణాలతో వచ్చే తేడా పది శాతాన్ని మించిందంటే కంపెనీని అడగాల్సిందే.

ఒకటి రెండు సర్వర్ల వరకు ఈ స్క్రిప్ట్‌తో హాయిగా గడిచిపోతుంది. రోజువారీ, నెలవారీ మొత్తాలు మాత్రమే కావాలంటే విఎన్‌స్టాట్ ఉంది. ఇప్పుడు ఈ క్షణంలో ఏ ఐపీ ఎంత లాగుతోందో చూడాలంటే ఐఎఫ్‌టాప్, ఏ ప్రోగ్రామ్ వాడుతోందో చూడాలంటే నెట్‌హాగ్స్. సర్వర్లు ఐదారు దాటాక ప్రొమీథియస్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడమే తెలివి. విఎన్‌స్టాట్, ప్రొమీథియస్ అడుగున చదివేది ఇవే కెర్నెల్ లెక్కలను. ఐఎఫ్‌టాప్, నెట్‌హాగ్స్ మాత్రం పోయే ప్యాకెట్లనే పట్టి చూస్తాయి. ఆఫీసు రౌటర్ లెక్కలు కూడా కావాలంటే నెట్‌వర్క్ పరికరాలను లెక్కలు అడిగే ఎస్ఎన్ఎంపీ పద్ధతి ద్వారా తీసుకోవచ్చు. అక్కడ 32 బిట్ లెక్క ఒకటి, 64 బిట్ లెక్క ఒకటి విడివిడిగా ఉంటాయి. పేరులో హెచ్‌సీ అని ఉన్న 64 బిట్ దాన్నే ఎంచుకోవాలి.